కోవిడ్ తర్వాత ధ్యాస నిలవడం లేదు: కంప్యూటర్ మీద మెదడు సాధన ఎంతవరకు పనికొస్తుంది?

నాలుగుహద్దులు
2025 డిసెంబర్ 3, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. తెనాలి దగ్గర ఇరవై రెండేళ్లుగా దస్తావేజు లేఖరిగా పనిచేస్తున్నాను. వయసు 47. ఈ ఏడాది జూన్‌లో కోవిడ్ వచ్చింది. ఆస్పత్రిలో చేరాల్సినంత కాదు. ఐదు రోజులు జ్వరం, రెండు వారాలు దగ్గు. ఒళ్లు కోలుకుంది గాని తల తేటపడలేదు.

నా ఇబ్బంది ఎలా ఉంటుందో చెబుతాను. లింకు దస్తావేజులో, అంటే అదే ఆస్తికి సంబంధించిన పాత దస్తావేజులో, 'తూర్పు: పంచాయతీ రోడ్డు' అని చదువుతాను. కళ్లు తిప్పి టైపు చేయబోయేసరికి అది రోడ్డో, కాలువో, పక్కవారి పొలమో గుర్తుండదు. మళ్లీ చూడాలి. నాలుగు హద్దులకు పది పన్నెండుసార్లు చూసుకుంటున్నాను. పావుగంటలో అయిపోయే షెడ్యూలుకు (ఆస్తి హద్దులు, విస్తీర్ణం రాసే భాగం) గంట పడుతోంది. పక్కన ఎవరైనా మాట్లాడుతుంటే అదీ కుదరదు. కిందటి నెల ఒక అమ్మకం దస్తావేజులో 48 సెంట్లు పడాల్సిన చోట 84 సెంట్లు పడింది. సంతకాలకు ముందే కొనుగోలుదారు గమనించారు. గమనించకపోతే సవరణ దస్తావేజు దాకా పోయేది, నా మీద ఉన్న నమ్మకమూ పోయేది.

ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి తను దాచుకున్న డబ్బుతో ఒక మెదడు సాధన ప్రోగ్రాముకు ఏడాది చందా కట్టాడు. రోజూ రాత్రి భోజనమయ్యాక 45 నిమిషాలు కూర్చుంటున్నాను. తెర మధ్యలో ఒక బొమ్మ, అంచున ఒక గుర్తు రెప్పపాటు మెరిసి మాయమవుతాయి, రెండూ చెప్పాలి. సెప్టెంబర్‌లో మూడో మెట్టు మీద ఉన్నాను, ఇప్పుడు పద్నాలుగో మెట్టు. అది చూసి అబ్బాయి ఎంతో సంతోషపడుతున్నాడు. కాని ఆ 84 సెంట్ల పొరపాటు జరిగింది నేను పద్నాలుగో మెట్టుకు చేరిన వారంలోనే.

ఈ సాధన నిజంగా పనిచేస్తుందా? సమయం ఇంకా పెంచాలా? ఈ బాధ పడినవారు ఎవరైనా ఉంటే చెప్పండి.

శారద_ఎడిసన్
2025 డిసెంబర్ 3, రాత్రి 11:52

నాలుగుహద్దులు గారూ, మీరు రాసింది చదువుతుంటే నన్ను నేను చూసుకున్నట్టుంది. న్యూజెర్సీలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ పరీక్షల పని. నాకు 2022 జనవరిలో వచ్చింది. వంటింట్లో పోపు వేసి, ఆవాలు చిటపటలాడుతుండగా తర్వాత ఏం వేయాలో తెలియక నిలబడిపోయేదాన్ని. అమ్మ ఫోనులో 'నిద్ర చాలక' అనేది. పన్నెండు గంటలు నిద్రపోయి లేచినా అలాగే ఉండేది.

నేనూ ఇలాంటి సాధన పది వారాలు చేశాను. మేలు జరిగిందనే అనుకుంటున్నాను. అంతకుముందు పెద్ద రోడ్డు మీద కారు వరస మార్చాలంటే చేతులు వణికేవి. పది వారాల తర్వాత ఆ భయం తగ్గింది. కాని ఒక సంగతి దాచకూడదు. అదే పది వారాలూ నేను సగం రోజే పనిచేశాను, మధ్యాహ్నం తప్పకుండా పడుకున్నాను. ఏది నన్ను నిలబెట్టిందో నాకే తెలియదు.

గణాంకం
2025 డిసెంబర్ 4, ఉదయం 7:20

హైదరాబాద్‌లో మందుల ప్రయోగాల సమాచారాన్ని విశ్లేషించే ఉద్యోగం నాది. డాక్టరును కాను. అయితే ఈ ప్రశ్నకు దాదాపు సూటిగా జవాబిచ్చే ప్రయోగం ఒకటి ఇటీవలే వెలువడింది కాబట్టి వివరంగా రాస్తున్నాను.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల 'రికవర్' కార్యక్రమం కింద 'రికవర్‌-న్యూరో' అనే ప్రయోగం జరిగింది. ఫలితాలు 2025 నవంబర్‌లో జామా న్యూరాలజీ పత్రికలో వచ్చాయి. కోవిడ్ తర్వాత ఆలోచన మందగించిన 328 మందిని 22 కేంద్రాల్లో తీసుకుని, చీట్లు వేసినట్టుగా ఐదు జట్లు చేశారు. ఒక జట్టుకు బ్రెయిన్‌హెచ్‌క్యూ అనే కంప్యూటర్ సాధన ఒక్కటే. రెండో జట్టుకు ఆ సాధనతో పాటు నిపుణులు దగ్గరుండి నేర్పే పునరావాస శిక్షణ. మూడో జట్టుకు సాధనతో పాటు తల మీది నుంచి మెదడుకు అతి స్వల్పంగా విద్యుత్తు పంపారు. నాలుగో జట్టుకు ఆ పరికరాన్ని తగిలించారు గాని విద్యుత్తు చికిత్స ఇవ్వలేదు. ఐదో జట్టుకు సాధనే లేదు. కంప్యూటర్ మీద మామూలు పజిళ్లు, ఆటలు ఇచ్చారు. అందరికీ పది వారాలు.

చివరికి చూసిన ముఖ్యమైన కొలత ఆటలో స్కోరు కాదు. రోజువారీ పనుల్లో జ్ఞాపకం, ఏర్పాటు, ధ్యాస ఎలా ఉన్నాయని మనిషినే అడిగే ప్రశ్నావళి. అన్ని జట్లలోనూ మెరుగుదల కనిపించింది. కాని ఏ జట్టూ మరో జట్టును మించిపోలేదు. మామూలు ఆటలు ఆడినవారితో పోల్చితే ఖరీదైన సాధన చేసినవారికి అదనంగా ఒరిగినదేమీ తేలలేదు.

ఇక్కడ ఐదో జట్టు ఎంత అవసరమో గమనించండి. అది లేకపోతే 'సాధన చేసినవారంతా బాగుపడ్డారు' అని పత్రికల్లో వచ్చేది, మనమూ నమ్మేవాళ్లం. కాలం గడిస్తే కొంత దానంతటదే తగ్గుతుంది. ఒకే పరీక్ష రెండోసారి రాస్తే మార్కులు పెరుగుతాయి. మనల్ని ఎవరో పట్టించుకుంటున్నారన్న ధైర్యం కొంత పనిచేస్తుంది. శారద గారు ఏది పనిచేసిందో తెలియదన్నారు చూడండి, నా ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యం చుట్టూనే తిరుగుతుంది.

నాలుగుహద్దులు గారి పద్నాలుగో మెట్టు సంగతి కూడా కొత్తది కాదు. 2010లో నేచర్ పత్రికలో వచ్చిన బీబీసీ ప్రయోగంలో 11,430 మంది ఆరు వారాల పాటు ఆన్‌లైన్‌లో సాధన చేశారు. చేసిన ఆటల్లో అందరూ ఆరితేరారు. ఆ ఆటలకు దగ్గరగా ఉన్న వేరే పరీక్షల్లో కూడా ఆ నేర్పు అక్కరకు రాలేదు.

పాలకొల్లు_అమ్మాజీ
2025 డిసెంబర్ 4, మధ్యాహ్నం 2:05

గణాంకం గారూ, మీ లెక్కలు తప్పని అనను. కాని 'అదనంగా ఒరిగినదేమీ లేదు' అన్న మాట చదివి నాకు కష్టంగా అనిపించింది.

మా బాబుకు 2023లో వైరస్ వల్ల మెదడువాపు వచ్చింది. అప్పుడు వాడికి పదకొండేళ్లు. జ్వరం, ఫిట్స్, తర్వాత తొమ్మిది రోజులు మనిషి లోకంలో లేడు. డాక్టర్లు హెర్పిస్ వైరస్ అన్నారు. ఇంటికి తెచ్చుకున్నాక వాడికి పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. బడిలో కూర్చోబెడితే ఐదు నిమిషాలకు లేచి తిరిగేవాడు. ఒక పాఠశాల వాళ్లు 'బాగయ్యాక తీసుకురండి' అని పంపేశారు. ఎప్పటికి బాగవుతాడో ఎవరూ చెప్పలేదు.

మాకు దొరికిన థెరపిస్టు అమ్మాయి మొదట ల్యాప్‌టాప్ ముందే కూర్చోబెట్టింది. ఎర్ర చుక్క వస్తే నొక్కాలి, నీలం చుక్క వస్తే ఆగాలి. మూడు నిమిషాలు, నాలుగు నిమిషాలు, అలా పెంచుకుంటూ పోయింది. కాగితం చూస్తేనే చించేసే పిల్లవాడు దాని ముందు పన్నెండు నిమిషాలు కూర్చున్నాడు. ఆ పన్నెండు నిమిషాలు మాకు ఎంతటివో చెప్పలేను. ఆ తర్వాత ఆమె ల్యాప్‌టాప్ మూసేసి చాట తెమ్మంది. కందులు, పెసలు, మినుములు కలిపి పోసి, వేరు చేయమంది. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని తప్పులు పడ్డాయి అని నాతో నోటుపుస్తకంలో రాయించింది. మొదటిరోజు పిడికెడు గింజలకు 26 నిమిషాలు, 31 తప్పులు. ఆ పుస్తకం ఇంకా నా దగ్గరుంది.

గణాంకం
2025 డిసెంబర్ 4, సాయంత్రం 6:30

అమ్మాజీ గారూ, మీ మనసు నొచ్చినందుకు క్షమించండి. నేను చెప్పిన ప్రయోగం కోవిడ్ తర్వాత ఆలోచనకు మసక కమ్మిన పెద్దవాళ్ల మీద జరిగింది. మెదడువాపు వచ్చిన పిల్లలకు దాన్ని అన్వయించకూడదు. అది నేను ముందే రాయాల్సింది. సగటు లెక్క ఒక పిల్లవాడికి మేలు జరగలేదని చెప్పలేదు. ఆ మేలు సాధన వల్లనా, మీరు రోజూ పక్కన కూర్చోవడం వల్లనా అన్నది మాత్రం సగటు లెక్కతోనే తేలుతుంది.

నీలాంబరి
2025 డిసెంబర్ 4, రాత్రి 10:10

వైద్య మనస్తత్వ నిపుణురాలిని. పక్షవాతం, తలకు దెబ్బ, మెదడువాపు తర్వాత కోలుకునేవారితో పనిచేస్తాను. అమ్మాజీ గారు రాసిన చాట పద్ధతి చదివి చాలా సంతోషం కలిగింది. మానసిక, నాడీ వైద్య సంస్థ అయిన బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ధ్యాసకు శిక్షణ ఇవ్వడానికి రూపొందించిన అభ్యాసాల్లో ధాన్యం వేరు చేయడం ఒకటి. కాగితం నిండా ఉన్న అక్షరాల్లో ఒక్క అక్షరాన్నే వెతికి కొట్టేయడం మరొకటి. కంప్యూటర్ లేని ఇంట్లోనూ సాగే పద్ధతులివి. గింజలు పెరిగేకొద్దీ, రకాలు కలిసేకొద్దీ కష్టం పెరుగుతుంది. ఏ ప్రోగ్రాములోనైనా ఉన్న సూత్రం అదే.

ఇక రెండు జబ్బులను విడిగా చూడాలి. హెర్పిస్ మెదడువాపులో కణతల వైపు మెదడు భాగాలు, అంటే కొత్త జ్ఞాపకాలు ఏర్పడే చోటు, నిజంగానే దెబ్బతింటాయి. అసైక్లోవిర్ అనే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత నష్టం తగ్గుతుంది. జ్వరంతో పాటు ఫిట్స్ గాని, మాట తడబడడం గాని, ప్రవర్తన మారడం గాని కనిపిస్తే గంట కూడా ఆగకూడదని ఇది చదివే ప్రతి అమ్మకూ నాన్నకూ చేతులు జోడించి చెబుతున్నాను. అలా దెబ్బతిన్నప్పుడు పునరావాసమంటే కొంత తిరిగి నేర్పడం, కొంత పోయినదానికి బదులు ఇంకో దారి చూపించడం.

కోవిడ్ తర్వాత వచ్చే మసక వేరు. కోవిడ్ సోకిన మూడు నెలల తర్వాత కూడా కనిపిస్తూ, కనీసం రెండు నెలలు సాగి, మరో కారణం తేలకపోతే దీర్ఘకోవిడ్‌గా చూడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబర్‌లో చెప్పింది. ఆ 'మరో కారణం' దగ్గరే మనవాళ్లు తొందరపడతారు. నాలుగుహద్దులు గారూ, థైరాయిడ్, బి12, హిమోగ్లోబిన్, చక్కెర చూపించుకున్నారా? గురక ఉందా? నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చేవారికి పగలంతా ఇలాగే మసకగా ఉంటుంది. మనసు కుంగినా ధ్యాస నిలవదు. వీటిలో ఏదున్నా దానికి చికిత్స ఉంది. అది చూసుకోకుండా నెలల తరబడి తెర ముందు కూర్చోవడం నాకు నచ్చదు.

ఇంకో ప్రశ్న. రాత్రి 45 నిమిషాలు చేసిన మర్నాడు ఎలా ఉంటున్నారు? ఒకరోజు మానేసి చూశారా?

నాలుగుహద్దులు
2025 డిసెంబర్ 5, ఉదయం 6:15

నీలాంబరి గారూ, ఆ కోణంలో నేను ఆలోచించనే లేదు. మీరడిగాక క్యాలెండర్ ముందు పెట్టుకుని చూశాను. ఆదివారాలు మా ఇంటికి చుట్టాలు వస్తారు, సాధన కుదరదు. సోమవారాలు నాకు బాగుంటాయి. గురు, శుక్రవారాలు మధ్యాహ్నం ఒంటిగంటకే కళ్లు బరువెక్కి, అక్షరాలు అలికినట్టు కనిపిస్తాయి. వారమంతా పనిచేసిన అలసట అనుకున్నాను. 84 సెంట్ల రోజు గురువారం.

రక్తపరీక్షల్లో థైరాయిడ్ ఒక్కటే చూశారు, బాగానే ఉంది. బి12 చూడలేదు. మేము శాకాహారులం. గురక సంగతి ఇంట్లో అడిగితే ఉందన్నారు.

శారద_ఎడిసన్
2025 డిసెంబర్ 5, సాయంత్రం 5:48

అన్నయ్యా (అలా పిలవాలనిపించింది, ఏమీ అనుకోవద్దు), మీ సోమవారం సంగతే నాదీ. ఓపిక ఉందని ఒకరోజు ఎక్కువ చేస్తే మరుసటి రోజో, ఆ తర్వాతి రోజో మంచం పట్టేదాన్ని. శ్రమ అంటే నడక ఒక్కటే కాదు, లెక్క చూడటం, వీడియో సమావేశం, ఇలాంటి సాధన కూడా శ్రమేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ దీర్ఘకాల అలసట జబ్బుకు 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వారం వారం వ్యాయామాన్ని ఇంతని పెంచుకుంటూ పోయే చికిత్స పెట్టవద్దని చెప్పింది. ఉన్న సత్తువ లోపలే ఉండి పని పంచుకోమంది. నేను చేసిన ప్రోగ్రాము మాత్రం 'ఐదు రోజులు వరుసగా చేశారు, ఆపకండి' అని రోజూ గుర్తుచేసేది. ఆ గుర్తుచేయడాన్నే నేను మొదట ఆపేశాను.

రాత్రిచదువు
2025 డిసెంబర్ 6, రాత్రి 1:30

గ్రూప్‌-2కు చదువుతున్నాను. అక్టోబర్‌లో డెంగీ వచ్చి తగ్గింది. చదివింది తలకెక్కడం లేదు. నేనూ ఇలాంటిది కొనుక్కోవాలా? పరీక్ష దగ్గర పడుతోంది.

నీలాంబరి
2025 డిసెంబర్ 6, ఉదయం 8:00

వద్దు తమ్ముడూ. డెంగీ తర్వాత నీరసం, ధ్యాస నిలవకపోవడం కొన్ని వారాలు ఉండటం మామూలే. ఆ డబ్బు పెట్టి మంచి తిండి తిను. ముందు ఈ రాత్రి ఒంటిగంటన్నర మానుకో. ఇరవై ఐదు నిమిషాలు చదివి, పుస్తకం మూసి, చదివింది సొంత మాటల్లో కాగితం మీద రాయి. నీకు కావాల్సిన సాధన అదే. జనవరికి కూడా ఇలాగే ఉంటే డాక్టరుకు చూపించు.

గణాంకం
2025 డిసెంబర్ 6, ఉదయం 9:25

రాత్రిచదువుకు ధైర్యం చెప్పే అంకె ఒకటి ఉంది. డెంగీ మీద కాదు, కోవిడ్ మీదే. ఇంగ్లండ్‌లో లక్షా పది వేల మందికి పైగా ఆన్‌లైన్‌లో ఆలోచనా పరీక్షలు రాశారు. 2024 ఫిబ్రవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. కోవిడ్ రానివారితో పోల్చితే, వచ్చి తగ్గినవారిలో లోటు ఐక్యూ లెక్కలో 3 పాయింట్లు. లక్షణాలు పోనివారిలో 6, ఐసీయూలో ఉండి వచ్చినవారిలో 9. అసలు లోటే లేదని కాదు. కాని లక్షణాలు తీరిపోయినవారిలో, అవి ఎంతకాలం ఉన్నా సరే, ఆ లోటు చిన్నదిగానే కనిపించింది.

నిర్వహణ
2025 డిసెంబర్ 6, మధ్యాహ్నం 12:40

'30 రోజుల్లో జ్ఞాపకశక్తి రెట్టింపు' అంటూ ఫోను నంబరుతో వచ్చిన ఒక సందేశాన్ని తొలగించాం. జబ్బు చేసి దిక్కుతోచని మనుషులు చదివే చోట ఇలాంటి ప్రకటనలు పెట్టవద్దు.

గణాంకం
2025 డిసెంబర్ 6, మధ్యాహ్నం 1:15

తొలగించినందుకు ధన్యవాదాలు. ఇలాంటి మాటలకు అమెరికాలో శిక్ష కూడా పడింది. లుమోసిటీ అనే ప్రోగ్రాము నడిపే సంస్థ చదువులో, ఉద్యోగంలో రాణిస్తారని, ముసలితనపు మతిమరుపు రాదని ఆధారాలు లేకుండా ప్రచారం చేసిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపితే, 2016 జనవరిలో 20 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది.

ఇంకోవైపు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. యాక్టివ్ అనే అమెరికా ప్రయోగంలో 65 ఏళ్లు దాటిన 2,832 మందిని తీసుకున్నారు. ఒక జట్టుకు జ్ఞాపకం, ఒక జట్టుకు తర్కం, ఒక జట్టుకు చూపు వేగం మీద శిక్షణ. నాలుగో జట్టుకు ఏమీ లేదు. మొదటి విడత పది తరగతులే. పదేళ్ల తర్వాత చూసినా తర్కంలోను, వేగంలోను శిక్షణ పొందినవారికి ఆ సామర్థ్యాల్లో మేలు మిగిలే ఉంది. మూడు శిక్షణ జట్లూ రోజువారీ పనుల్లో ఇబ్బంది తక్కువగా ఉందని చెప్పాయి. అయితే వాళ్లు ఆరోగ్యంగా ఉన్న వృద్ధులు, వైరస్ బారిన పడి లేచినవారు కాదు. అమ్మేవారు ఈ ప్రయోగాన్ని చూపించి దీర్ఘకోవిడ్ రోగులకు అమ్ముతారు. అక్కడే నాకు కోపం వస్తుంది.

పద్యప్రియుడు
2025 డిసెంబర్ 7, ఉదయం 10:05

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మీ చర్చ మొదటి నుంచి చదివాను. వైద్యం నాకు తెలియదు గాని, ధారణ, అంటే విన్నది మనసులో నిలుపుకోవడం గురించి ఒక మాట చెప్పే అర్హత ఉందనుకుంటాను.

అష్టావధానాల్లో చాలాసార్లు అవధానిని ప్రశ్నలడిగే పృచ్ఛకుడిగా కూర్చున్నాను. ఒకవైపు ఇచ్చిన పాదంతో పద్యం పూర్తిచేయాల్సిన సమస్య, మరోవైపు ఇచ్చిన మాటలతో పద్యం చెప్పాల్సిన దత్తపది, ఇంకోవైపు అక్షరం అక్షరానికి అడ్డుపడే నిషిద్ధాక్షరి, మధ్యలో అప్రస్తుత ప్రసంగం. ఇవన్నీ సాగుతుండగా సభలో ఎవరో గంట కొడుతుంటారు. ఎన్నిసార్లు మోగిందో అవధాని చివర్లో చెప్పాలి. ఆ తర్వాత విడతలు విడతలుగా చెప్పిన పద్యాలన్నింటినీ ఏకధాటిగా అప్పజెప్పాలి. ఇంతకంటే గొప్ప ధ్యాస ఎక్కడుంటుంది? అలాంటి ఒక పెద్దాయన సభ ముగిశాక తన చేతిసంచి ఎక్కడ పెట్టారో మమ్మల్ని అడిగారు. ఆయన ధారణకు గణాలు, యతి, ప్రాస పట్టుకొమ్మలు. సంచికి యతిప్రాసలు లేవు. ఏ విద్య సాధన చేస్తే ఆ విద్యే పండుతుంది, పక్క చేను తడవదు.

కాబట్టి నాలుగుహద్దులు గారికి నాదొక సూచన. తెర మీది బొమ్మలకు బదులు మీ హద్దులకే పట్టుకొమ్మలు కట్టుకోండి. తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం అని ఎప్పుడూ ఒకే వరసలో, గొంతెత్తి, ఒక్క ఊపిరిలో చదవండి. పద్యపాదం చదివినట్టు. కంటితో చూసింది జారిపోయినా చెవిన పడింది కాసేపు నిలుస్తుంది.

నీలాంబరి
2025 డిసెంబర్ 7, రాత్రి 9:20

పద్యప్రియుడు గారూ, మా పుస్తకాల్లో నేర్పు ఒకచోటి నుంచి మరోచోటికి పాకడం గురించి ఎన్నో పేజీలున్నాయి. 'పక్క చేను తడవదు' అన్న మాట ఇకపై నా దగ్గరికి వచ్చేవారికి చెబుతాను.

కాలువ తవ్వితే పక్క చేనూ కొంత తడుస్తుందని మాత్రం నా అనుభవం. సాధన ఒక్కటే ఇచ్చి వదిలేస్తే స్కోరు పెరుగుతుంది, అక్కడితో ఆగుతుంది. సాధనలో నేర్చుకున్నది ఈరోజు ఏ పనిలో వాడారు, ఎక్కడ తడబడ్డారు అని రోజూ మాట్లాడుకుంటే కొందరిలో అది పనిలోకి దిగడం చూశాను. రికవర్‌-న్యూరోలో నిపుణుల శిక్షణ కలిపిన జట్టు కూడా మిగతావాటిని దాటలేదని తెలుసు. అందుకే హామీ ఇవ్వను.

నాలుగుహద్దులు గారూ, నేనైతే ఇలా చేయమంటాను. రాత్రి సాధన ఆపండి. చేయాలనిపిస్తే ఉదయం పదిహేను నిమిషాలు, ఒంట్లో బాగున్న రోజే. షెడ్యూళ్లు పదకొండు లోపు రాయండి. సాక్షుల పేర్లు, చలానా పనులు మధ్యాహ్నానికి పెట్టుకోండి. చదివే వరస కింద స్కేలు పెట్టండి. విస్తీర్ణం అంకెల్లో రాసిన వెంటనే అక్షరాల్లోనూ రాయండి. 48, 84 తారుమారైనా 'నలభై ఎనిమిది' 'ఎనభై నాలుగు' కాదు. అన్నింటికంటే ముందు బి12 పరీక్ష, నిద్ర పరీక్ష.

పాలకొల్లు_అమ్మాజీ
2025 డిసెంబర్ 8, ఉదయం 11:30

మా బాబు నోటుపుస్తకం ఈరోజు తీసి చూశాను. పదకొండో నెలలో పిడికెడు గింజలకు 7 నిమిషాలు, 2 తప్పులు. దానికంటే నాకు ముఖ్యమైనది ఆ పేజీ అంచున నేను రాసుకున్నది. 'కొట్టుకు పంపితే మూడు సరుకుల్లో మూడూ తెచ్చాడు. చిల్లర కూడా.' గణాంకం గారూ, మీరు కొలిచే ప్రశ్నావళిలో ఇలాంటిది ఉంటుందా?

గణాంకం
2025 డిసెంబర్ 8, మధ్యాహ్నం 1:02

ఉంటుందండీ. కొనవలసిన కొన్ని వస్తువులను చీటీ లేకుండా గుర్తుపెట్టుకోవడం, పదేళ్ల కిందటితో పోల్చితే ఎలా ఉంది అనే తరహా ప్రశ్నలు ఆ రకం ప్రశ్నావళిలో ఉంటాయి. మీరు పేజీ అంచున రాసినదే అసలు కొలత.

నాలుగుహద్దులు
2026 జనవరి 18, రాత్రి 8:10

ఆరు వారాలుగా ఏమీ రాయనందుకు మన్నించండి. అందరికీ పేరు పేరునా నమస్కారాలు.

బి12 బాగా తక్కువగా వచ్చింది. డాక్టరు గారు ఇంజెక్షన్లు రాశారు. నిద్ర పరీక్షకు వచ్చే నెల తేదీ ఇచ్చారు. రాత్రి సాధన మానేశాను. అబ్బాయికి ఎలా చెప్పాలా అని నాలుగు రోజులు మథనపడి, చివరికి ఈ చర్చే చదివించాను. వాడు పూర్తిగా చదివి, 'నాన్నా, ఆ డబ్బు గురించి ఆలోచించకు' అన్నాడు. ఉదయం పదిహేను నిమిషాలు వారానికి మూడు రోజులు చేస్తున్నాను, ఇష్టంగానే. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నానో చూడటం లేదు.

పద్యప్రియుడు గారూ, హద్దులు గొంతెత్తి చదువుతున్నాను. మొదట్లో పక్క బల్ల వాళ్లు తలెత్తి చూసేవారు. ఇప్పుడు వాళ్లూ చదువుతున్నారు.

పూర్తిగా తగ్గిందని అనను. కిందటి గురువారం ఒక ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) సంవత్సరం తప్పు చదివాను. అది బి12 వల్ల తగ్గుతోందా, రాత్రి విశ్రాంతి వల్లనా, కాలం వల్లనా అంటే శారద చెల్లెమ్మ చెప్పిన జవాబే నాదీ.

సంక్రాంతి సెలవులకు అబ్బాయి ఇంటికి వచ్చాడు. ముగ్గురు అన్నదమ్ముల భాగపంపిణీ దస్తావేజు ఒకటి ఇంట్లోనే రాశాను. మూడు షెడ్యూళ్లు, పన్నెండు హద్దులు. నేను చదువుతుంటే వాడు ఎదురుగా కూర్చుని అసలు కాగితంతో ఒప్పుచూశాడు. రెండో షెడ్యూలులో పడమర దగ్గర ఆగిపోయాను. వాడు చెప్పబోయాడు, చెయ్యెత్తి ఆపాను. మళ్లీ తూర్పు నుంచి మొదలుపెట్టి ఒక్క ఊపిరిలో చదివితే పడమర 'పంట కాలువ' అని వచ్చింది. ఒక ఎకరా 62 సెంట్లు, ఒక ఎకరా 62 సెంట్లు, ఒక ఎకరా 63 సెంట్లు. కూడితే నాలుగు ఎకరాల 87 సెంట్లు, పాత దస్తావేజులో ఉన్నంతే. కాగితం లేకుండా, నోటితోనే కూడాను. వాడు ఫోనులో సరిచూసి తలూపాడు.